ఒకరినొకరు పురికొల్పుకుందాం

ఆరాధన పాస్టరు గారి పని, మనం వినేవాళ్లం అనుకుంటాం. కాని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 10వ అధ్యాయం 24, 25 వచనాలు కూడుకోవడం మానవద్దనీ, ఒకరినొకరు పురికొల్పుకోవాలనీ సంఘమంతటికీ చెబుతున్నాయి.

1805లో లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ మన విశాఖపట్నం వచ్చి, బైబిలును తెలుగు చేయడం మొదలుపెట్టారు. మరి చదువురానివారు ఎలా ఆరాధిస్తారు? ఆ లోటు పాట తీర్చింది. పురుషోత్తమ చౌధరి (1803-1890) మన రాగతాళాలలో వందకు పైగా కీర్తనలు రచించారు. ఒకరు పల్లవి ఎత్తుకుంటే పదిమంది అందుకునేవారు. మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే అయినా, కీర్తనలు నేర్చుకున్నది మాత్రం అక్షరం రాని నాయనమ్మల నోటనే.

కాబట్టి ఆదివారం మధురవాడలో చర్చికి వెళ్లినప్పుడు వెనుక వరుసలో మౌనంగా కూర్చున్న కొత్త తమ్ముణ్ణి గమనించండి. అతనికి భక్తి లేదనుకోవద్దు. పాట రాకపోవచ్చు, ఇంటిమీద బెంగ కావచ్చు. పక్కన కూర్చుని పాటల పుస్తకం చెరో చేత్తో పట్టుకోండి. శనివారం రాత్రి హాస్టల్లోనే పల్లవి నేర్పండి. ఎవరినీ బలవంతపెట్టవద్దు. వేరే విశ్వాసం గల స్నేహితుణ్ణి నొప్పించవద్దు. మీరు పూర్ణహృదయంతో పాడితే, పక్కవాడి గొంతు దానంతటదే కలుస్తుంది.