రేపూ చెయ్యగలిగినంతే ఈరోజు

డ్రిల్లు మాస్టారుగా రిటైరయ్యాక మా కాలనీ కమ్యూనిటీ హాల్లో పొద్దున్నే కొందరి చేత ఆసనాలు వేయిస్తున్నాను. కాలేజీ కుర్రాళ్ల నుంచి మనవల్ని ఎత్తిన అమ్మమ్మల దాకా వస్తారు. ఎవరు ఎంత వంగారో నేను పెద్దగా పట్టించుకోను. ఎవరు నిలిచారు, ఎవరు ఎందుకు మానేశారు అన్నదే గమనిస్తూ వచ్చాను. అందులోంచి తేలినవి ఈ మాటలు.

1. జూన్ 21 పండగ, జూన్ 22 పరీక్ష

అంతర్జాతీయ యోగా దినోత్సవం 2015లో మొదలైంది. 2025లో విశాఖ సముద్రతీరాన లక్షల మంది చేరి ఆసనాలు వేశారు. చూడముచ్చటైన పండగే. ఆ వారం మా హాలు కూడా కిక్కిరిసిపోతుంది. జూలై వచ్చేసరికి పాతకాపులే మిగులుతారు. మనవాళ్లకి ఆరంభశూరత్వం ఎక్కువని ఊరికే అనలేదు. మొదటిరోజే గంటన్నర చేసి, మూడోరోజు ఒళ్లు నొప్పులతో మంచం దిగలేనివాళ్లు ముందుగా మానేస్తారు. ఇరవై నిమిషాలు చేసి, ‘ఇంకాస్త చేస్తే బాగుండు’ అనిపించినప్పుడే చాప చుట్టేసినవాళ్లు నిలుస్తారు.

2. తీరిక కోసం చూడొద్దు

తీరిక దొరికితే చేద్దామనుకున్న పని ఏదీ అవదు. రోజూ ఎలాగూ చేసే పనికి దీన్ని ముడిపెట్టండి. పళ్లు తోముకున్నాక, కాఫీకి ముందు అనుకోండి. ఇక వేరే ముహూర్తం అక్కర్లేదు. అభ్యాసం గట్టిపడాలంటే చాలాకాలం చెయ్యాలి, ఎడతెగకుండా చెయ్యాలి, శ్రద్ధగా చెయ్యాలి అన్నాడు పతంజలి. రోజుకి ఎన్ని నిమిషాలో ఆయన చెప్పలేదు.

3. మోకాలితో పంతం వద్దు

పద్మాసనంలో తిరగాల్సింది తుంటి కీలు. మోకాలు తలుపు బందు లాంటిది, ప్రధానంగా ఒక్క దిశలోనే ముడుచుకుంటుంది. కుర్చీల్లో పెరిగిన తరానికి తుంటి బిగుసుకుపోయి ఉంటుంది. అది తిరగనప్పుడు పాదాన్ని చేత్తో లాగి తొడమీద పెట్టుకుంటే ఆ మెలి అంతా మోకాలి మీద పడుతుంది. మామూలుగా మఠం వేసుకుని కూర్చుంటే చాలు. మోకాళ్లు పైకి లేస్తుంటే పిరుదుల కింద మడత దుప్పటి పెట్టుకోండి. అది నామోషీ కాదు. దుప్పట్లు, చెక్కదిమ్మలు, తాళ్లు, కుర్చీలు ఆసరాగా ఆసనాలు వేయించే పద్ధతిని పుణేలో పెంచి ప్రపంచానికి నేర్పింది బి.కె.ఎస్. అయ్యంగార్. 2014లో, 95 ఏళ్ల వయసులో కన్నుమూసిన ఆ మహానుభావుడికి లేని సిగ్గు మనకెందుకు?

4. లాగడం వేరు, పోటు వేరు

కండ మధ్యలో లాగినట్టుంటే భయం లేదు, ఆసనం వదలగానే అది పోతుంది. కీలు దగ్గర పోటు, సూదులు గుచ్చినట్టుండటం, తిమ్మిరి, కాల్లోకి పాకే నొప్పి వస్తే అక్కడే ఆపాలి. పశ్చిమోత్తానాసనంలో ముక్కు మోకాలికి ఆనించాలని పట్టుబట్టినవాళ్లకి తొడ వెనక కండ పిరుదు ఎముకకి అతుక్కునే చోట నొప్పి పుడుతుంది. అది నెలల తరబడి వదలదు, కూర్చున్నప్పుడల్లా సలుపుతుంది. మోకాళ్లు కాస్త మడిచి, వీపు గూని చెయ్యకుండా తుంటి దగ్గర వంగితే ఆ బాధ ఉండదు. ముక్కు ఎక్కడిదాకా వస్తే అక్కడికే ఆసనం పూర్తయినట్టు.

5. ఊపిరే కొలబద్ద

ముక్కుతో నెమ్మదిగా ఊపిరి ఆడుతున్నంతసేపూ మీరు మీ హద్దులోనే ఉన్నారు. ఊపిరి బిగబట్టారన్నా, ఎగపోస్తున్నారన్నా హద్దు దాటినట్టే. రెండడుగులు వెనక్కి రండి. ప్రాణాయామంలో కొత్తవాళ్లు వదిలే ఊపిరిని తీసుకునే ఊపిరికన్నా కొంచెం పొడుగు చేసుకుంటే సరిపోతుంది. బిగబట్టే కుంభకం, విసురుగా వదిలే కపాలభాతి బీపీ ఉన్నవాళ్లూ హెర్నియా ఉన్నవాళ్లూ గర్భిణులూ టీవీ చూసి మొదలుపెట్టే పనులు కావు.

6. ఒకే మందు అందరికీ పనిచెయ్యదు

అయ్యంగార్‌కి గురువైన తిరుమలై కృష్ణమాచార్య 1930లలో మైసూరులో కుర్రాళ్లకి చెమటలు పట్టే ఆసనాలు నేర్పారు. తరవాత మద్రాసులో ఒక్కొక్కరి వయసు, జబ్బు, ఓపిక చూసి విడివిడిగా నేర్పారు. ఆయన నూరేళ్లు బతికారు. ఒక్కొక్కరినీ విడిగా చూసే ఆ చూపు మనకీ కావాలి. శీర్షాసనంలో కంటి లోపలి ఒత్తిడి దాదాపు రెట్టింపవుతుంది, కాబట్టి గ్లాకోమా ఉన్నవాళ్లు దాని జోలికి పోకూడదు. ఎముకలు గుల్లబారినవాళ్లు నడుం గూనిచేసి ముందుకు వంగకూడదు. చేరిన రోజే మీ ఆరోగ్యం గురించి అడగని గురువు దగ్గర రెండోరోజు వెళ్లొద్దు. బీపీ, షుగరు మాత్రలు డాక్టరు చెప్తేనే తగ్గించాలి. నేను చెప్పినా తగ్గించొద్దు.

7. లెక్క కోసం చెయ్యొద్దు

రథసప్తమికి నూటెనిమిది సూర్యనమస్కారాలు చేసి, ఉగాది దాకా భుజం పట్టుకు తిరిగేవాళ్లని చూశాను. ఈ నమస్కారాలకి ఊరూరా ప్రచారం తెచ్చినవాడు 1920లలో మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానాధీశుడు. ఆయన కోరింది రోజూ చెయ్యమని. శ్వాస తప్పకుండా ఆరు చెయ్యండి, చాలు. చివర శవాసనం ఎగ్గొట్టి ఆఫీసుకి పరిగెత్తొద్దు.

8. పొట్ట, నడక

కడుపులో నాలుగో వంతు ఖాళీ ఉంచమని హఠయోగ గ్రంథాలు చెప్తాయి. భోజనం చేశాక మూడు నాలుగు గంటలు ఆగండి. మరో సంగతి, నెమ్మదిగా ఆసనాలు వేస్తే నడక అవసరం తీరదు. వారానికి 150 నిమిషాలు ఒళ్లు వేడెక్కేలా నడవాలనీ, రెండు రోజులైనా కండలకి బలమిచ్చే పని చెయ్యాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. చాప చుట్టాక వీధిలోకి వెళ్లండి.

9. ఆగితే ఆగింది

జ్వరాలొస్తాయి, పెళ్లిళ్లుంటాయి, పిల్లల పరీక్షలుంటాయి. సంక్రాంతికి ఊరెళ్తారు. ఆగిపోవడం తప్పేం కాదు. తిరిగొచ్చిన రోజున ఆపిన చోటి నుంచే అందుకోవాలనుకోవడమే ముప్పు. మొదటి వారం సగమే చెయ్యండి. జ్వరం తగ్గి వచ్చినవాళ్లయితే పడుకుని ఊపిరి చూసుకున్నా చాలు. చాలా రోజులు రానివాళ్లు సిగ్గుపడి గుమ్మం బయటే ఆగుతుంటారు. ఇన్నాళ్లూ ఏమైపోయారని నేను అడగను. పొద్దున్న ఏం తిని వచ్చారని మాత్రం అడుగుతాను.