మరిగే ప్రవాహాల లెక్కలు: యువ ఇంజనీరుకు లేఖ



ద్రవం, వాయువు, ఘనకణాల్లో కనీసం రెండు కలగలిసి పారితే దాన్ని బహుప్రావస్థ ప్రవాహం అంటారు. వేడి, ఒత్తిడి, వేగం విపరీతమైనచోట కొలిచే పరికరమే నిలవదు. అక్కడ లోపలి సంగతి తెలియాలంటే కంప్యూటర్లో సమీకరణాలు సాధించాల్సిందే. రాకెట్లలో ఉండేవీ ఇలాంటి ప్రవాహాలే. మన రాకెట్ల రూపకల్పన ప్రధానంగా తిరువనంతపురంలో జరిగినా, ఆ లెక్కల ఒప్పూతప్పూ చివరికి తేలేది పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమనున్న శ్రీహరికోటలో.

2010 జనవరి 24న అక్కడ ఎస్200 అనే ఘన ఇంధన రాకెట్ మోటారును తొలిసారి నేలమీద మండించి చూశారు. సుమారు 200 టన్నుల ఇంధనం రెండు నిమిషాల పైచిలుకులో కాలిపోయింది. ఆ ఇంధనంలో అల్యూమినియం పొడి ఉంటుంది. అది కాలితే అల్యూమినా ద్రవబిందువులు పుడతాయి. సన్నవి వాయువుతో పాటు నాజిల్ దాటిపోతాయి. పెద్దవి మలుపు తిరగలేక మోటారు వెనుక గోపురంలో చిట్టెంలా పేరుకుంటాయి. చిట్టెం అంటే మోసుకెళ్లే దండగ బరువే. బయటికి పోయే బిందువులూ వాయువంత వేగం అందుకోలేక తోపును కొంత తగ్గిస్తాయి. కంప్యూటర్ నమూనాలో వాయువును అఖండ మాధ్యమంగా తీసుకుని, బిందువుల దారిని విడివిడిగా గుర్తిస్తారు. బిందువుల పరిమాణాన్ని తప్పుగా ఊహిస్తే మిగతా లెక్కంతా వృథా.

అతిశీతల ద్రవ ఇంధనంతో నడిచే క్రయోజెనిక్ దశ లెక్క ఇంకా కఠినం. మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్ కోస్తా ఎండకు కాగిన గొట్టంలో అడుగుపెట్టగానే, కాలిన పెనం మీద నీటిబొట్టులా ఆవిరి పొర మీద తేలుతుంది. గోడ తగినంత చల్లబడ్డాకే ద్రవం దాన్ని తాకుతుంది. ఆ క్షణంలో ఉష్ణప్రసారం ఒక్కసారిగా పెరుగుతుంది. దాన్ని పట్టుకోవడంలోనే నమూనాలు ఎక్కువగా తడబడతాయి.

పంపు దగ్గర మరో గండం ఉంది. ట్యాంకులో పీడనం పడిపోతే ద్రవం పంపు దగ్గరే మరిగి బుడగలు కడుతుంది. బుడగలు పట్టిన పంపు సరిగా తోడదు. 2021 ఆగస్టు 12న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్10 రాకెట్ క్రయోజెనిక్ పై దశ వెలగక విఫలమైంది. ఒక కవాటం కారి హైడ్రోజన్ ట్యాంకులో పీడనం తగ్గిందని, దానివల్ల బూస్టర్ పంపు సవ్యంగా నడవలేదని విచారణ సంఘం తేల్చింది. ట్యాంకు పీడనాన్ని నిలబెట్టే ఏర్పాటు కూడా సూచించింది. ఆ తర్వాత 2023 మే 29న అదే శ్రేణి రాకెట్ ఎఫ్12 విజయవంతమైంది.

రాకెట్లే కానక్కర్లేదు. ముత్తుకూరు మండలం నేలటూరులోని దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు సూపర్‌క్రిటికల్ బాయిలర్లతో నడుస్తాయి. 221 బార్లు, 374 డిగ్రీలు దాటాక నీటికీ ఆవిరికీ తేడా ఉండదు, బుడగల బెడదా ఉండదు. అయితే బాయిలర్ వెలిగించేటప్పుడు, లోడు బాగా తగ్గినప్పుడు మరిగే నీరు మళ్లీ ప్రత్యక్షమవుతుంది. గొట్టాలకు ముప్పు అప్పుడే ఎక్కువ. కొలిమిలో బొగ్గుపొడి గాలిలో ఎగురుతూ కాలడమూ ఈ కోవలోదే.

ఈ పనిలోకి రావాలనుకునేవారు తెరమీద రంగుల బొమ్మ చూసి మురిసిపోకూడదు. లెక్క కోసం ప్రవాహాన్ని విడగొట్టిన గళ్ల పరిమాణం సగం చేసినా జవాబు నిలుస్తోందా అన్నది ముందు చూసుకోవాలి. చదువుకునే రోజుల్లోనే వేడిచేసిన గాజు గొట్టంలో నీరు మరగడం లాంటి చిన్న సమస్య ఎంచుకుని, దాన్ని లెక్కగట్టి, స్వయంగా కొలిచి, రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడటం మంచిది.