గుర్రమెక్కిన ముల్లె నీది కాదు

చాంద్రాయణగుట్ట,
జూన్ 8

బిడ్డా,

అమరనాథ్ యాత్రకు మీ తల్లీబిడ్డల పేర్లు నమోదయ్యాయని మీ నాన్న చెప్పగానే అటక మీది సంచి దించి దుమ్ము దులిపాను. ఫోన్లో చెప్పొచ్చు గాని, ఇందులో సగం మాటలు మీ అమ్మ గురించే. ఆమె పక్కన కూర్చుని వింటుంటే నాకు నోరు రాదు. అందుకే రాస్తున్నా. చదివి నీ సంచిలోనే పెట్టుకో.

2013 జూలైలో నేను పోయినప్పుడు నా ముల్లె 14 కిలోలు. చందన్‌వాడీలో దాన్ని గుర్రం మీద కట్టించి, చేతిలో నీళ్ల సీసా, పూజ సామాను సంచి పట్టుకొని నడక మొదలుపెట్టాను. పిస్సూ టాప్ ఎక్కేదాకా మంచి ఎండ. ఆ పైన ఒక్కసారిగా వాన. స్వెట్టర్, శాలువ, రెయిన్‌కోటు, బీపీ గోళీలు అన్నీ గుర్రం మీద. గుర్రం ఎప్పుడో ముందుకు పోయింది. నూలు చీర మోకాళ్ల దాకా తడిసి కాళ్లకు చుట్టుకుంటుంటే, శేషనాగ్ చేరేసరికి చీకటి పడింది. దవడలు కొట్టుకుంటున్నాయి, మాట రావడం లేదు. గుడారంలో పక్కన పడుకున్న ఒక పంజాబీ పెద్దావిడ లేచి, తన ఉన్ని పైజామా తీసి నాకు తొడిగింది. ఆమె పేరు కూడా అడగలేకపోయాను. నా ముల్లె రాత్రి తొమ్మిదింటికి వేరే గుడారాల దగ్గర దొరికింది. విప్పి చూస్తే లోపలి బట్టలన్నీ నీళ్లోడుతున్నాయి.

ఆ రాత్రి నుంచి నాకు ఒకటే లెక్క. గుర్రమెక్కిన ముల్లె పొద్దుగూకేదాకా మనది కాదు. అది దొరక్కపోయినా ఆ రాత్రి గడిచేట్టు మన ఒంటి మీద, భుజం మీద ఏమున్నాయన్నదే చూసుకోవాలి.

ఒంటి మీద ఉండాల్సినవి చెప్తా. యాత్రికులకిచ్చే ఆర్‌ఎఫ్‌ఐడీ కార్డు మెడలో వేసుకొనే ఉండాలి. యాత్ర పర్మిట్, ఆధార్, ఆరోగ్య ధ్రువపత్రం అసలు ప్రతి ఒక జిప్ కవర్లో పెట్టి జాకెట్ లోపలి జేబులో పెట్టుకో. అదే జేబులో ఒక చీటీ: నీ పేరు, ఇంటి చిరునామా, వెంట వచ్చినవాళ్ల ఫోన్ నంబర్లు. మీ అమ్మ జేబులో కూడా అలాంటిదే ఇంకొకటి, హిందీలో రాసి పెట్టు. ఆమెకు హిందీ వచ్చు, కానీ ఊపిరాడక కూలబడ్డ మనిషి మాట్లాడలేదు కదా. ఆమె గోళీలు రెండు వాటాలు చేసి ఒకటి ఆమె దగ్గర, ఒకటి నీ దగ్గర ఉంచు. ఫోన్ కూడా లోపలి జేబులోనే. చలికి బ్యాటరీ ఇట్టే పడిపోతుంది. నీది ప్రీపెయిడ్ సిమ్ అయితే జమ్మూ కశ్మీర్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్‌కు మార్చుకో.

భుజం సంచిలో అన్నిటికన్నా పైన రెయిన్‌కోటు. అడుగున పెడితే అది తీసేలోపు మిగతావన్నీ తడుస్తాయి. గొడుగు వద్దు, అక్కడి గాలికి నిలవదు. దాని కింద ఒక జత పొడి బట్టలు, రెండు జతల ఉన్ని సాక్సులు, చేతి తొడుగులు, చెవులు మూసే టోపీ, దేనికది కవర్లో కట్టి పెట్టు. టార్చి, నీళ్లు, బెల్లం, పుట్నాలు, పల్లి పట్టీలు, బేగంబజార్ ఖర్జూరం. అంతే. ఇవి కాక మిగిలినవే గుర్రానికి. గుర్రమబ్బాయిని మీ పక్కనే నడవమని బయల్దేరే ముందే చెప్పుకోండి.

ఇక బట్టల మాట. మన ఊరి ఎండకు నూలును మించింది లేదు. అక్కడ మాత్రం నూలు తడిస్తే ఆరదు, ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. జూలైలో కూడా రాత్రిళ్లు చలి సున్నా దగ్గరికి దిగుతుంది. ఒంటికి అంటుకొనే థర్మల్, దాని మీద ఉన్ని, ఆ పైన గాలీ వానా చొరని జాకెట్. ఒక లావు కోటు కన్నా మూడు పలచటి పొరలు మేలు. ఎక్కేటప్పుడు చెమట పడితే ఒకటి విప్పొచ్చు. చెమటకు తడిసినా వానకు తడిసినా చలి ఒకటే.

చీర కట్టుకొని ఎక్కొద్దని యాత్ర నడిపే శ్రైన్ బోర్డు సూచనల్లోనే ఉంటుంది. మీ అమ్మ పెళ్లయిన నాటి నుంచి చీర తప్ప కట్టలేదు. "ఈ వయసుల నాకు ప్యాంటేంది వదినా" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నవ్వకు బిడ్డా, ఆమెకు అది చిన్న విషయం కాదు. రెండు జతల సల్వార్ కమీజులు కుట్టించాను, త్వరగా ఆరే గుడ్డతో. రోజూ పొద్దున్నే అవే తొడిగించి కేశవగిరి ఎక్కిస్తున్నా. మొదటి రెండు రోజులు చున్నీతో మొహం కప్పుకొని నడిచింది. ఇప్పుడు చెన్నకేశవ స్వామి గుడి దాకా ఆగకుండా వస్తోంది. దర్శనానికి పట్టుచీర, రెండు కొబ్బరికాయలు పెడతానంటోంది. కాయలు రెండే కిలో పైన తూగుతాయి. గుహలో మంచులింగం పక్కనున్న చిన్న మంచుముద్దను పార్వతమ్మగా కొలుస్తారు కదా, ఆమెకు ఒక రవికె ముక్క, పసుపు కుంకుమ పొట్లం చాలని ఒప్పించాను. ఆమె వెంట తెస్తానంటున్న సకినాల డబ్బాను మాన్పించడం నీ పని. దారి పొడవునా లంగర్లలో వేడి వేడి అన్నం, పప్పు, రొట్టె పెడతారు. ఆకలితో ఎవరినీ పోనివ్వరు.

బూట్లు ఇవాళే కొను. కొత్త బూట్లతో కొండెక్కితే మొదటి రోజే మడమలు బొబ్బలెక్కుతాయి. లావు సాక్సు తొడుక్కొని కొలత చూడు. వేళ్ల ముందు కాస్త ఖాళీ లేకపోతే దిగేటప్పుడు గోళ్లు నల్లబడతాయి. ఆఫీసుకు కూడా అవే వేసుకొని పో.

అన్నిటికన్నా నాకు భయం ఊపిరి గురించి. మన హైదరాబాద్ ఎత్తు దాదాపు 540 మీటర్లు. గుహ 3,888 మీటర్లు. దారిలో మహాగునస్ కనుమ 4,276. ఆ ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉండేదాంట్లో మూడింట రెండొంతులు కూడా ఉండదు. అందుకే పహల్‌గామ్‌లో ఒక రోజు ఎక్కువ ఉండండి. తలనొప్పి, వాంతి, ఆకలి లేకపోవడం మొదలైతే ఆ రోజు ఇంకా పైకి పోవద్దు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, మాట తడబడినా, అడుగు తూలినా అది అలసట కాదు. తెల్లారేదాకా చూద్దామనుకోకుండా దగ్గరున్న వైద్య శిబిరానికి తీసుకుపోయి కిందికి దించాలి. ఈ ఎత్తు జబ్బుకు డయామాక్స్ అనే గోళీ ఉంది, కానీ మీ అమ్మకు బీపీ మందులున్నాయి, సల్ఫా మందులు పడతాయో లేదో తెలియదు. డాక్టర్‌ను అడక్కుండా వెయ్యకు. ఎవరో ఇచ్చిన నిద్రగోళీ అసలే వద్దు.

1996 ఆగస్టులో ఇదే యాత్రలో అకాలంగా మంచు కురిసి 200 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత నితీశ్ సేన్‌గుప్తా కమిటీ వేశారు. యాత్రికుల సంఖ్యకు, వయసుకు హద్దులు పెట్టాలన్న మాట అప్పుడే గట్టిగా వచ్చింది. ఇప్పుడు ఆరోగ్య ధ్రువపత్రం లేనిదే పర్మిట్ రాదు. దాన్ని తెలిసిన డాక్టర్ దగ్గర మాటతో తెచ్చుకోకండి. మీ అమ్మకు నిజంగా పరీక్షలన్నీ చేయించు.

ఒక మాట ఉంది, ఆమె ముందు అనలేనిది. లాల్‌దర్వాజ బోనాల నాటికి ఇంట్లో ఉండాలని మీ అమ్మ తిరుగు టికెట్లు బిగుతుగా చేయించిందట. అవి మార్చు. రెండు రోజులు చేతిలో లేకపోతే వాన పడి దారి మూసినప్పుడు మనిషి మనసు ఆగదు, ఒళ్లు బాగా లేకపోయినా చెప్పదు, ఎక్కేద్దామంటుంది. శేషనాగ్ దాకా పోయి దిగి వచ్చినా నా కళ్లకు మీరు యాత్ర చేసి వచ్చినవాళ్లే. ఆ మాట నేను చెప్పానని అక్కడ, అవసరమైతేనే, ఆమెతో చెప్పు. ఇంటి బోనం సంగతి బెంగపెట్టుకోవద్దను. ఈ ఇంటి ఆడబిడ్డను నేనున్నా, నేనెత్తుతా.

నువ్వు బెంగళూరు నుంచి వచ్చిన మర్నాడే, సంచి పూర్తిగా సర్ది, నీళ్లు నింపి, బూట్లు తొడుక్కొని మా ఇంటికి రా. కిరాణా కొట్టు కాటా అడిగి పెట్టాను. నీ భుజం సంచి ఐదు కిలోలు దాటితే ఏం తీసెయ్యాలో కలిసి చూద్దాం. ఆ తర్వాత ముగ్గురం కేశవగిరి ఎక్కుదాం. అటక మీంచి దించిన సంచిలో ఆ ఉన్ని పైజామా ఇంకా ఉంది. ఉతికి ఆరేశాను, మీ అమ్మకు సరిపోతుంది.

మీ అత్త