వెలుగుతో కణాలను చూస్తే ముక్క పరీక్ష మానవచ్చా?



"ముక్క తీయకుండా లోపల ఏముందో చూడలేరా డాక్టరుగారూ?" అని చాలామంది మమ్మల్ని అడుగుతుంటారు. కత్తి తగిలితే జబ్బు పాకుతుందనే భయంతో కొందరు పరీక్షకే రారు. అందుకే ఈసారి వెలుగుతో చేసే ఒక పరీక్ష గురించి తెలుసుకుందాం.

మెరిసే గుణం

బ్యాంకులో నోటును అతినీలలోహిత దీపం కింద పెడితే దానిమీది నంబరు మెరుస్తుంది. ఒక రంగు కాంతిని పీల్చుకుని మరో రంగు కాంతిని వెదజల్లే ఈ గుణాన్ని ప్రతిదీప్తి లేదా ఫ్లోరసెన్స్ అంటారు. దేవుడు మన కణాలలోనూ ఈ గుణాన్ని ఉంచాడు. శక్తి తయారీకి తోడ్పడే కొన్ని పదార్థాలు తగిన కాంతి పడితే సన్నగా మెరుస్తాయి. అది చాలనప్పుడు ఫ్లోరసీన్ అనే రంగు మందును నరానికి ఎక్కిస్తారు. కంటి రెటీనా పరీక్షలోనూ దీనినే వాడతారు. తర్వాత చర్మం, మూత్రం కొంతసేపు పసుపుపచ్చగా కనిపిస్తే కంగారుపడవద్దు. మందులు పడని గుణం ఉంటే మాత్రం ముందే చెప్పండి.

గాజు తీగ, లేజర్ మెరుపు

పంజాబులో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ, హాప్కిన్స్‌తో కలిసి, సన్నని గాజు తీగల కట్ట ద్వారా బొమ్మను పంపవచ్చని 1954లో లండన్ నుండి ప్రకటించారు. నేడు అలాంటి కట్టను ఎండోస్కోపు గుండా కడుపులోకి, పేగులోకి పంపుతారు. లేజర్ కాంతి దాని గుండా లోపలికి వెళ్లి కణాలను మెరిపిస్తుంది. ఆ మెరుపు అదే దారిన తిరిగి వచ్చి తెరమీద బొమ్మ అవుతుంది.

లేజర్‌ను సెకనులో లక్ష కోట్లవ వంతుకన్నా తక్కువసేపు ఉండే మెరుపులుగా పంపే పద్ధతి కూడా ఉంది. దీనితో సూక్ష్మదర్శినిలో చూడవచ్చని అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వారు 1990లో చూపారు. కాంతి కేంద్రీకరించిన చోట మాత్రమే కణం మెరుస్తుంది గనుక బొమ్మ స్పష్టంగా ఉంటుంది, చుట్టుపక్కల కణాలకు హాని తగ్గుతుంది. అయితే ఇంత చిన్న మెరుపులు మామూలు గాజు తీగలో సాగిపోయి బలహీనమవుతాయి. కనుక దీనికి ప్రత్యేకమైన తీగలు కావాలి.

మరి ముక్క పరీక్ష?

మానకూడదు. ఈ వెలుగు పైపొరలను, అదీ మిల్లీమీటరులో కొద్ది భాగం లోతు వరకే చూపుతుంది. ముక్క ఎక్కడ తీయాలో డాక్టరుకు దారి చూపుతుంది. క్యాన్సర్ అవునో కాదో తేల్చేది చాలావరకు ముక్క పరీక్షే. దానివల్ల జబ్బు పాకడం చాలా అరుదు. ఆలస్యం చేస్తే కలిగే నష్టమే ఎక్కువ.

కనుక డాక్టరు ముక్క పరీక్ష రాస్తే వాయిదా వేయకండి. ప్రార్థన చేసుకుని, ఇంట్లోవారిని తోడు తీసుకుని రండి.