విద్యాప్రాంగణంలో గాలి ఎవరిది?

ఏటా ఆగస్టు మాసంలో అమెరికా విశ్వవిద్యాలయాల వసతి గృహాల ముందు కార్లు బారులు తీరుతాయి. తెలుగువారి పెట్టెలలో ఆవకాయ సీసాతోబాటు లాప్‌టాప్, స్మార్ట్ టీవీ, ప్రింటరు దిగుతాయి. కొందరు ముందుచూపుతో ఒక వైఫై రౌటరు కూడా కొని ఇస్తారు. ఆ రాత్రికే భవనమంతటా వైఫై మందగిస్తుంది. పరీక్షాపత్రాన్ని అర్ధరాత్రిలోగా సమర్పించవలసిన విద్యార్థికి ఇది చిన్న విషయం కాదు.

భౌతికశాస్త్ర పుస్తకాలలో ‘వ్యతికరణం’ అంటే రెండు తరంగాలు కలిసి బలపడడమో, క్షీణించడమో. వైఫై విషయంలో సమస్య మరికొంత లౌకికమైనది: ఒకే గాలిలో అందరూ ఒకేసారి మాట్లాడడం. దీనిని మొదట ఎదుర్కొన్నది కూడా ఒక విశ్వవిద్యాలయమే. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం ‘అలోహా’ అనే రేడియో వలను నడిపింది. ఎవరికి తోచినప్పుడు వారు పంపవచ్చు. రెండు సందేశాలు ఢీకొంటే ఇద్దరూ కొంతసేపు ఆగి మళ్ళీ పంపాలి. ఈ పద్ధతిలో మార్గం సామర్థ్యంలో సుమారు 18 శాతానికి మించి వినియోగపడదని గణితం తేల్చింది. అందుచేత వైఫై పరికరాలు ముందు ఆలకించి, నిశ్శబ్దంగా ఉంటేనే నోరు విప్పుతాయి. పందిట్లో పెద్దలు మాట్లాడే పద్ధతి ఇదే.

అయితే పందిరి ఇరుకైనది. 1985లో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ కొన్ని పౌనఃపున్యాలను లైసెన్సు లేని సమాచార పరికరాలకు వదిలిపెట్టింది. వాటిలో 2400 నుండి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న పట్టీలోనే వైఫై, బ్లూటూత్, మైక్రోవేవ్ పొయ్యి అన్నీ కాపురం చేస్తున్నాయి. అమెరికాలో ఇక్కడ వైఫైకి 11 చానళ్ళు ఉన్నాయి. వాటి మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్ మాత్రమే. తొలినాటి వైఫై సంకేతం వెడల్పు మాత్రం 22. కనుక ఒకదానినొకటి తాకకుండా ఇమిడేవి మూడే: 1, 6, 11. విద్యార్థి తెలివిగా ‘ఖాళీగా ఉన్నది కదా’ అని 3వ చానల్‌ను ఎంచుకుంటే అటు 1నీ, ఇటు 6నీ చెడగొడతాడు. ఒకే చానల్‌లో ఉన్నవారు ఒకరి మాట ఒకరు అర్థం చేసుకొని వంతులు వేసుకోగలరు. పక్క చానల్ నుండి వచ్చేది వట్టి రొద.

పనిలేకుండా కూర్చున్న ప్రింటరు నిరపరాధి అనుకోవడం కూడా పొరపాటే. తన సొంత వైఫైని ప్రకటించుకునే ప్రింటరైనా, రౌటరైనా సెకనుకు దాదాపు పదిసార్లు ‘నేనున్నాను’ అని చాటుతుంది. ఆ చాటింపు 250 బైట్లనీ, పాత పద్ధతిలో సెకనుకు 1 మెగాబిట్ వేగంతో సాగుతుందనీ అనుకుందాం. ఒక్కొక్కదానికి 2 మిల్లీసెకన్లు పడుతుంది. ఒకే చానల్‌లో ఇటువంటివి 20 ఉంటే సెకనుకు 200 చాటింపులు, అనగా 400 మిల్లీసెకన్లు. ఎవరూ ఒక్క అక్షరమైనా పంపకముందే నలభై శాతం కాలం హరించుకుపోయినట్లే!

మరి నిషేధిస్తే సరిపోదా? డల్లాస్ వద్ద రిచర్డ్‌సన్‌లో ఉన్న టెక్సస్ విశ్వవిద్యాలయం 2004లో ఆ ప్రయత్నమే చేసింది. తన ప్రాంగణంలోని వాటర్‌వ్యూ అపార్ట్‌మెంట్లలో విద్యార్థులు సొంత వైఫై పరికరాలు పెట్టరాదని ప్రకటించింది. ఆ యేడు జూన్‌లోనే కమిషన్ ఒక ప్రకటన చేసి ఉన్నది: లైసెన్సు లేని పరికరాల మధ్య అంతరాయాలను తీర్చే అధికారం, స్థలం ఎవరిదైనా సరే, తనకు మాత్రమే కలదని. విశ్వవిద్యాలయం తన ఆజ్ఞను ఉపసంహరించుకొన్నది. ఇందులో సూక్ష్మం ఒకటి గ్రహించాలి. తన తీగల వలకు ఏ పరికరం తగిలించవచ్చునో నిర్ణయించే హక్కు విద్యాసంస్థకు ఉన్నది; గాలిలోని తరంగంపై ఆ పెత్తనం లేదు.

బలవంతపు మార్గం ఇంకా ప్రమాదకరం. ఎదుటివారి వైఫైకి ‘విడిపో’ అనే కృత్రిమ సందేశాలు పంపి తెంచే యంత్రాలు ఉన్నాయి. నాష్‌విల్‌లోని గేలార్డ్ ఆప్రీలాండ్ హోటలులో అతిథుల సొంత వైఫైని ఇట్లా అడ్డుకున్నందుకు మారియట్ సంస్థ 2014లో 6 లక్షల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. 2015 జనవరిలో కమిషన్ ఈ హెచ్చరికను అందరికీ వర్తింపజేసింది.

విద్యార్థుల పరికరాలపై నేరం మోపడంలోనూ తొందర కూడదు. 2007 జూలైలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో వైఫై కేంద్రాలు విడతలు విడతలుగా మూగబోయాయి. అప్పుడే బజారుకు వచ్చిన ఐఫోన్‌పై అనుమానం పడి, వార్త దేశమంతా పాకింది. తీరా చూస్తే లోపం విశ్వవిద్యాలయపు సిస్కో వలలో ఉన్నదని తేలి, దానిని సరిదిద్దారు.

వలను నిర్వహించేవారు చేయగలిగినది చాలా ఉన్నది. పాత మందవేగాలను తొలగిస్తే చాటింపుల భారం తగ్గుతుంది. నడవాలో ఒక పెద్ద కేంద్రానికి బదులు గదులలో చిన్న కేంద్రాలను తక్కువ శక్తితో నడపవచ్చు. 5 గిగాహెర్ట్జ్ తరంగాలు గోడలను అంతగా దాటవు. ఇంటిలో లోపమనిపించే ఈ గుణమే వసతి గృహంలో వరం. 2020 ఏప్రిల్‌లో కమిషన్ 6 గిగాహెర్ట్జ్ పట్టీలో మరో 1200 మెగాహెర్ట్జ్ తెరిచింది. కానీ అక్కడ మాట్లాడగలిగేవి కొత్త పరికరాలే. చవక స్మార్ట్ బల్బులు, పాత ప్రింటర్లు అనేకం ఇప్పటికీ 2.4ను వదలవు.

పిల్లలను దింపడానికి వెళ్ళే తల్లిదండ్రులు రౌటరు కొనేముందు ఆ విశ్వవిద్యాలయపు నిబంధనలు చదవాలి. ప్రింటరు సొంత వైఫైని ఆపి, యూఎస్‌బీ తీగతో కలపాలి. గోడకు ఈథర్నెట్ రంధ్రం ఉంటే టీవీని దానికి తగిలించాలి. పది అడుగుల తీగ చాలు, ఆ గది నుండి గాలికి ఒక గొంతు తగ్గుతుంది.