తూనీగ – గబ్బిలము

వానలు పడిన పిమ్మట చేలపై గుంపులుగా తిరుగు పసుపుపచ్చని తూనీగను ఎరుగనివారు లేరు. పిల్లలు దాని తోకకు దారము కట్టి ఆడుకొందురు. ప్రొద్దు గ్రుంకగానే పెంకుల సందులనుండి వెలువడు చిన్న గబ్బిలమును మాత్రము పలువురు అపశకునమని తలచి, పొగబెట్టి తరుముదురు. ఈ రెండింటిని పోల్చి చూచినచో మన మేలు ఎందున్నదో తెలియగలదు.

శాస్త్రజ్ఞులు ఈ తూనీగను పాంటాలా ఫ్లావెసెన్స్ అందురు. ఇది ఆరు కాళ్లు, నాలుగు రెక్కలు గల కీటకము. గబ్బిలము పేరు పిపిస్ట్రెల్లస్ కోరమాండ్రా. 1838లో పెట్టిన ఈ పేరులో మన కోరమాండల్ తీరము పేరే కలదు. రెక్కలున్నను ఇది పక్షి కాదు. పిల్లలను కని పాలిచ్చు జంతువు. చేతివ్రేళ్ల నడుమ సాగిన పలుచని చర్మమే దాని రెక్క.

తూనీగ కంటిచూపుతో వేటాడును. దాని ఒక్కొక్క కంటిలో వేలకొలది చిన్న కటకములు ఇమిడియున్నవి. గబ్బిలము చీకటిలో చెవితో వేటాడును. మనకు వినరాని సన్నని కూతలు వేసి, పురుగుకు తగిలి మరలివచ్చు ప్రతిధ్వనిని బట్టి దాని జాడ తెలిసికొనును.

ఇంత భేదమున్నను రెండింటి పని ఒక్కటే. దోమలను, చిన్న పురుగులను పగలు తూనీగయు, రాత్రి గబ్బిలమును పట్టి తినును. తూనీగ పిల్లపురుగు నీటిలోనుండు దోమ పిల్లపురుగులను సైతము భక్షించును.

ముఖ్యమైన భేదము సంతానమునందు కలదు. తూనీగ వాననీటి గుంటలలో వందలకొలది గుడ్లు పెట్టును. ఆరు నుండి తొమ్మిది వారములలో పిల్లపురుగు రెక్కలు తొడిగి ఎగురును. గబ్బిలము కాన్పునకు ఒకటి రెండు పిల్లలనే కనును. కావున ఒక ఏడు తగ్గిన తూనీగలు మరుసటి వానలకు కోలుకొనవచ్చును. పాతగోడలోని గబ్బిలముల గుంపు నశించినచో తిరిగి పెరుగుటకు పెక్కేండ్లు పట్టును.

ఈ కారణమున గ్రామస్థులకు మేము కొన్ని మాటలు మనవి చేయుచున్నాము. పురుగుమందు డబ్బాలను చెరువులలో, గుంటలలో కడుగరాదు. గబ్బిలములకు పొగబెట్టరాదు. అవి ఇంటిలో వలదనుకొన్నచో, పిల్లలు ఎగురనేర్చిన పిదప, చీకటిపడి అన్నియు వెలుపలికి పోయినపుడు సందులు మూయవలెను. నేలబడిన గబ్బిలమును వట్టిచేతులతో ముట్టరాదు. కరచినచో గాయమును సబ్బునీటితో 15 నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ఈ రెండు ప్రాణులే దోమలనన్నిటిని తుదముట్టింపజాలవు. ఇంటిచుట్టు నీరు నిలువకుండ చూచుకొనుట మన పని. ఆ పని మనము చేసి, వీటి పని వీటిని చేసికొననిత్తము. పిల్లలకు దారము ఇచ్చుటకు మారు, తూనీగ ఎట్లు వేటాడునో చూపుదము.