చలికాలంలో పాడి పశువుల సంరక్షణ
(సభ్యుల పాఠం)

సహకార ఇన్‌స్పెక్టరు, తొగుట



మార్గశిరంలో మాట్లాడ పొద్దుండదు, పుష్యంలో పూస గుచ్చ పొద్దుండదు అని మన పెద్దలు చెప్పిన మాట అందరికీ తెలుసు. పొద్దు తక్కువైతే పశువు మేసే వేళ తగ్గుతుంది, రాత్రి పొడవు పెరుగుతుంది. అంటే కడుపు ఖాళీగా ఉండే గంటలు ఎక్కువవుతాయి. తొగుట ప్రాంతంలో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత 10 డిగ్రీల దరిదాపుల్లోకి దిగుతుంది. ఆదిలాబాద్ వైపు, సంగారెడ్డి జిల్లా కోహీర్ వైపు ఇంకా కిందికి పోతుంది. ఈ నెలల్లో పాలు తగ్గితే "చలికి తగ్గినవి, ఏం చేస్తాం" అని ఊరుకొనేవారే ఎక్కువ. కాని చలి ఒక్కటే పశువును దెబ్బతీయడం అరుదు. ఖాళీ కడుపు, తడిసిన ఒళ్లు, ఎదురుగాలి తోడైనప్పుడే చలి ప్రమాదకరం అవుతుంది. ఈ మూడింటినీ తప్పించడం మన చేతిలోని పని. ఈ పాఠంలో చెప్పదలచినది ఇదే.

1. మంచు దేశాల అనుభవం

మన దగ్గర మంచు కురవదు. అయినా మంచు కురిసే చోట్ల పశువులు ఎందుకు చనిపోయాయో, ఎలా బతికాయో తెలుసుకుంటే మన పని తేలిక అవుతుంది.

ఉత్తర సిక్కింలో 2018 డిసెంబరు నుంచి విడవకుండా మంచు పడింది. 2019 మే నాటికి ముకుథాంగ్ ప్రాంతంలో సుమారు 300 జడల బర్రెలు చనిపోయిన సంగతి బయటపడింది. జడల బర్రెకు దట్టమైన వెంట్రుక ఉంటుంది, చలిలోనే పుట్టి పెరిగిన పశువు అది. దానిని చంపినది ఆకలి. మేత మంచు కింద పడిపోయింది, దారులు మూసుకుపోయి బయటినుంచి మేత చేరలేదు.

మంగోలియా దేశంలో ఇటువంటి ఉపద్రవానికి "జుడ్" అని పేరే ఉన్నది. ఎండాకాలంలో వానలు లేక గడ్డి సరిగా పెరగదు, పశువులకు కొవ్వు పట్టదు. ఆ వెనుకనే గట్టి చలికాలం వస్తుంది. 2009–10 చలికాలంలో ఆ దేశంలో 80 లక్షలకు పైగా పశువులు చనిపోయాయి. నష్టం బయటపడినది చలికాలంలోనే అయినా దాని మొదలు అంతకు ముందరి ఎండాకాలంలోనే ఉంది.

అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రంలో 2013 అక్టోబరు మొదటి వారంలో మంచు తుపాను వచ్చి వేలాది పశువులు చనిపోయాయి. అవి ఏటా అంతకంటే పెద్ద చలిని తట్టుకునే పశువులే. కాని ఆ ఏడు చలికాలపు వెంట్రుక ఇంకా పెరగకముందే తుపాను వచ్చింది. ముందు వాన పడి ఒళ్లు తడిసింది, ఆ తడి మీద పెనుగాలి, మంచు పడ్డాయి.

ఇక లద్దాఖ్‌లో చలికాలం సున్నా కంటే చాలా కిందికి పోతుంది. అక్కడి రైతులు పశువులను ఇంటి కింది అంతస్తులో కట్టి, తాము పై అంతస్తులో ఉంటారు. ఎండాకాలంలో కోసి ఎండబెట్టిన లూసర్న్ గడ్డిని ఇంటి కప్పు మీద పేర్చుకుంటారు. అంటే చలికి కావలసిన మేతను ఎండాకాలంలోనే కూడబెడతారు.

మన వైపు చూద్దాము. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుపాను ఆంధ్ర తీరం దాటినప్పుడు తెలంగాణలోనూ ముసురు పట్టి, చలిగాలి వీచి, పగటి ఉష్ణోగ్రత కూడా బాగా పడిపోయింది. పొడి చలి పది రోజులున్నా తట్టుకునే బర్రె, తడి చలి రెండు రోజులుంటే నలిగిపోతుంది. డిసెంబరులో ముసురు పట్టే సూచన రేడియోలో, ఫోనులో తెలిసిన వెంటనే కొట్టం సర్దుకోవడానికి ఇదే కారణం.

2. పశువు కడుపే దాని కుంపటి

పెద్ద బర్రె మొదటి పొట్టలో నూరు లీటర్లకు పైగా పడుతుంది. అందులో మేత పులిసేటప్పుడు వేడి పుడుతుంది. దాణా త్వరగా అరిగిపోతుంది. వరిగడ్డి, జొన్న చొప్ప, మక్క చొప్ప వంటి పీచు మేత నెమ్మదిగా, చాలాసేపు పులుస్తుంది. రాత్రి చలికి కావలసిన వేడి ఈ పీచు మేత నుంచే వస్తుంది.

కాబట్టి చలికాలంలో మొత్తం మేతలో పెద్ద వాటా సాయంత్రం, రాత్రి పడుకునే ముందు వేయవలెను. పగలు వేసే ఎండుమేతకు తోడు, రాత్రికి పశువుకు ఒక కిలో అదనంగా వేయడం మంచిది. మేత చాలని పశువు తన ఒంటి కొవ్వును కరిగించి వేడి పుట్టించుకుంటుంది. ముందు పాలు తగ్గుతాయి, తర్వాత ఒళ్లు తగ్గుతుంది, చివరకు ఎదకు రావడం ఆలస్యమవుతుంది. చలి నాలుగు నెలలదే, దాని నష్టం మాత్రం మరుసటి ఈత దాకా ఉంటుంది.

ఆవుతో పోలిస్తే బర్రెకు వెంట్రుక పలుచన. అందువలన బర్రెకు, అంతకంటే దూడకు ఎక్కువ జాగ్రత్త కావలెను.

3. రెండు బర్రెల ఇంటికి మేత లెక్క

కార్తీకం నుంచి శివరాత్రి దాకా సుమారు 120 రోజులు అనుకుందాము. ఒక బర్రెకు రోజుకు 7 కిలోల ఎండుమేత చొప్పున రెండింటికి 1,680 కిలోలు. రాత్రి అదనంగా కిలో చొప్పున 240 కిలోలు. మొత్తం 1,920 కిలోలు. తొక్కుడు, తడుపు, వృథా కింద పదో వంతు కలిపితే సుమారు 21 క్వింటాళ్లు. ఇది ఎండుమేత మాత్రమే. పచ్చిమేత, దాణా దీనికి వేరు.

వరిలో గింజ ఎంత బరువు వస్తుందో, గడ్డి సుమారు అంత బరువు వస్తుంది. కాని హార్వెస్టరుతో కోసినప్పుడు మోళ్లు ఎత్తుగా మిగిలి, మడిలో పడిన గడ్డి కొంత చేతికి రాదు. దానిని కట్టలు కట్టించక, తర్వాతి పంటకు తొందర పడి నిప్పు పెట్టేవారు కూడా ఉన్నారు. ఆ గడ్డి పుష్యమాసంలో మన బర్రె తినవలసినది. ఇంట్లో బర్రెను పెట్టుకుని మడిలో గడ్డి కాల్చి, జనవరిలో గడ్డి కొనడం ఏ లెక్కకూ రాదు. కట్టలు కట్టే మిషను కిరాయి భారమైతే నలుగురు సభ్యులు కలిసి ఒకేరోజు పిలిపించుకోవచ్చు.

గడ్డి మంచులో తడిసి బూజు పట్టకుండా చూడవలెను. వాము కింద రాళ్లు, కట్టెలు వేసి నేలకు ఎత్తుగా పేర్చాలి. బూజు గడ్డి పశువుకు పెట్టరాదు.

యూరియా గడ్డి: 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియాను 65 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా గడ్డి మీద చల్లి, తొక్కి, గాలి చొరకుండా పాలిథిన్ కవరు కప్పాలి. మామూలుగా 3 వారాలు చాలు, చలికాలంలో 4 వారాలు ఉంచడం మేలు. తీసిన గడ్డిని కాసేపు ఆరబెట్టి, ఘాటు పోయిన తర్వాత, కొద్ది కొద్దిగా అలవాటు చేయాలి. ఆరు నెలల లోపు దూడలకు వేయరాదు. యూరియా నీరు పశువు నోటికి అందితే ప్రాణాపాయం కాబట్టి కలిపిన బకెట్టును, డ్రమ్మును వెంటనే కడిగి బోర్లించవలెను.

పచ్చిమేత: లూసర్న్‌ను అక్టోబరు, నవంబరు నెలల్లో విత్తితే రెండు నెలలకు మొదటి కోత, ఆ తర్వాత 25–30 రోజులకొక కోత వస్తుంది. 2022 ఫిబ్రవరి 23న మల్లన్నసాగర్ జలాశయం ప్రారంభమైన తర్వాత తొగుట పేరు నీటితో ముడిపడింది. నీరు అందే సభ్యుడు నాలుగు గుంటలైనా పచ్చిమేతకు వదిలితే చలికాలపు పాలు నిలుస్తాయి. లూసర్న్‌ను కోసిన వెంటనే ఒంటిగా వేస్తే కడుపు ఉబ్బుతుంది. కాస్త వాడనిచ్చి, ఎండుగడ్డితో కలిపి వేయాలి.

అదే జలాశయం కింద వేములఘాట్, పల్లెపహాడ్ వంటి ఊళ్లు పోయాయి. కొత్త చోట కొట్టానికి, వాముకు జాగా చాలని సభ్యులకు బిగించిన గడ్డి కట్టలు, సంచుల్లో నింపిన సైలేజీ అనుకూలం. అటువంటి వారికి సంఘం ద్వారా ఒక ఉమ్మడి మేత కొట్టం ఏర్పాటు చేసే విషయం పాలకవర్గం ఆలోచించదగినది.

దాణా: బర్రె ఇచ్చే ప్రతి 2 లీటర్ల పాలకు 1 కిలో దాణా, ఒంటి పోషణకు మరొక కిలో నుంచి కిలోన్నర. రోజూ 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, 30 గ్రాముల ఉప్పు కలపాలి.

4. పొడి నేల, గాలి మరుగు

బర్రె రాత్రంతా పడుకునే నేల తడిగా ఉంటే, ఒంటి వేడిని ఆ నేల లాగివేస్తుంది. సాయంత్రం పేడ తీసి, మూత్రం పారిపోయే కాలువ సరిచేసి, పొడి గడ్డి, వరి పొట్టు లేక ఎండుటాకులు మందంగా పరచాలి. ఉదయం తడిసినంత మేర తీసి పెంటకుప్పకు చేర్చాలి.

గాలి వచ్చే వైపు గోనె పట్టాలు కుట్టి తెరలుగా కట్టాలి. రాత్రి దించి, పొద్దెక్కగానే ఎత్తివేయాలి. అయితే కొట్టాన్ని నాలుగు వైపులా బిగించి మూయరాదు. పేడ, మూత్రం ఘాటు లోపలే నిలిచి ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. పైభాగంలో గాలి పోయే సందు వదలాలి. గాలి పశువు ఒంటికి నేరుగా తగలకుండా ఉంటే చాలు.

మూసిన కొట్టంలో కుంపటి, చలిమంట పెట్టరాదు. పొగ ఒక ప్రమాదం, గడ్డికి నిప్పు అంటుకోవడం మరొక ప్రమాదం. కట్టేసిన పశువు పారిపోలేదని మరువరాదు.

5. ఈనిన బర్రె, పుట్టిన దూడ

చలికాలంలో మన నష్టంలో పెద్ద భాగం దూడలదే. పుట్టిన దూడ తడిగా ఉంటుంది, ఒంట్లో కొవ్వు ఉండదు. వెంటనే ముక్కు, నోరు శుభ్రం చేసి, తల్లిని నాకనివ్వాలి. ఆపైన పొడి గుడ్డతో, గడ్డితో గట్టిగా తుడిచి ఆరబెట్టాలి.

మాయ పడేదాకా ముర్రుపాలు పట్టరాదనే అలవాటు ఇంకా కొన్ని ఇండ్లలో ఉన్నది. ఇది తప్పు. మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టాలి. దూడ బరువులో పదో వంతు మొదటి రోజులో అందాలి. 30 కిలోల దూడకు 3 లీటర్లు, రెండు మూడు సార్లుగా. దూడకు వేడి, రోగాన్ని ఎదిరించే శక్తి రెండూ ఆ పాలతోనే వస్తాయి. దూడ వీపు మీద గోనెసంచి కట్టి, పగలు ఎండలో కట్టేయాలి. గోనె తడిస్తే వెంటనే మార్చాలి. తడి గోనె కప్పడం కంటే ఏమీ కప్పకపోవడమే నయం.

ఇక్కడ పెయ్యదూడ, దున్నదూడ అనే తేడా చూడరాదు. దూడ పోయిన బర్రె చేపడం కష్టమై పాలు తగ్గిన సంగతి అనుభవం ఉన్న సభ్యులకు చెప్పనవసరం లేదు.

6. నీరు, పితుకుడు, ఎద

పాలలో నూటికి 80 పాళ్లకు పైగా నీరే. రాత్రంతా తొట్టిలో చల్లబడిన నీటిని బర్రె సరిగా తాగదు. ఉదయం బోరు నుంచి అప్పుడే వచ్చిన నీరు గోరువెచ్చగా ఉంటుంది, దానిని తాగించాలి. బర్రెను కడగడం పగలు ఎండ పూట మాత్రమే, అదీ ఎండ ఉన్న రోజు. తెల్లవారుజామున చెరువులో దింపరాదు.

పొదుగును గోరువెచ్చని నీటితో కడిగి పొడి గుడ్డతో తుడిచి పితకాలి. చన్నులు పగిలితే పితికిన తర్వాత కొంచెం నెయ్యి గాని గ్లిజరిన్ గాని రాయాలి. పగుళ్లను వదిలేస్తే పొదుగువాపు వ్యాధికి దారి తీస్తుంది.

మరొక ముఖ్య విషయం. బర్రెలు ఎక్కువగా ఎదకు వచ్చేది సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి వరకే, అదీ రాత్రి, తెల్లవారుజాము వేళల్లో. చాలా బర్రెలు అరవవు, మూగ ఎదలో ఉంటాయి. చలికి మనం తలుపులు వేసుకుని పడుకుంటే ఆ ఎద పోతుంది, 21 రోజులు నష్టం. పడుకునే ముందు ఒకసారి, వేకువన ఒకసారి దీపం పట్టుకుని చూడాలి. తీగలు, మాటిమాటికి మూత్రం, మేత తగ్గడం కనిపిస్తే ఎద మొదలైన 12 గంటలకు సూది వేయించాలి.

7. సంఘం కేంద్రంలో జాగ్రత్తలు

చలికాలంలో వెన్న శాతం గురించి తగవులు ఎక్కువగా వస్తాయి. చల్లబడిన పాలలో వెన్న పైకి తేలి, బిందె అంచులకు అంటుతుంది. బాగా కలపకుండా తీసిన నమూనాలో శాతం సరిగా రాదు. కార్యదర్శి సభ్యుని ఎదుటనే పాలను పైకీ కిందికీ కలిపి నమూనా తీయాలి.

జెర్బర్ పద్ధతి వాడే చోట నమూనాను గోరువెచ్చని నీటిలో ఉంచి, 27 డిగ్రీల దగ్గరకు తెచ్చి, 10.75 మి.లీ. కొలవాలి. గొట్టాన్ని 65 డిగ్రీల నీటిలో ఉంచి చదవాలి. ఆ నీరు చల్లారితే వెన్న కుంచించుకుని తక్కువ చూపుతుంది, సభ్యుడు నష్టపోతాడు. ఎలక్ట్రానిక్ మిషనుకు కూడా నమూనా ఎంత వేడి ఉండాలో దాని పుస్తకంలో ఉంటుంది, ఆ ప్రకారమే నడపాలి. లాక్టోమీటరు చల్లని పాలలో ఎక్కువ చూపుతుంది కాబట్టి ఉష్ణోగ్రత సవరణ తప్పనిసరి. లేనిచో నీళ్లు కలిపినవాని పాలు కూడా చిక్కగా కనిపిస్తాయి.

చలి ఉన్నది గదా అని పాలు ఆలస్యంగా తేవడం, నిన్న సాయంత్రం పాలు ఈ ఉదయం కలపడం పనికిరాదు. చలి పులుపును ఆలస్యం చేస్తుందే గాని ఆపదు.

సమావేశంలో చర్చకు

1. మన సంఘంలో ఎంతమంది సభ్యులకు శివరాత్రి దాకా సరిపడే ఎండుమేత ఉన్నది?
2. గడ్డి కట్టల మిషనును ఉమ్మడిగా పిలిపించడానికి ఎవరు బాధ్యత తీసుకుంటారు?
3. గత చలికాలంలో ఎన్ని దూడలు పోయాయి? వాటిలో మొదటి గంటలో ముర్రుపాలు తాగినవి ఎన్ని?
4. కేంద్రంలో థర్మామీటరు ఉన్నదా? రోజూ వాడుతున్నారా?

ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులను మినిట్స్ పుస్తకంలో రాసుకోండి. శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు. అప్పుడు ఆ పుస్తకం తీసి, పాల లెక్కతో పక్కపక్కన పెట్టి చూసుకుంటే, వచ్చే ఏడు వరికోతల నాటికే ఏం చేయాలో మీకే తెలుస్తుంది.